గుండె కోలుకుంది, మనసు మాటేమిటి?

గుండెపోటు వచ్చి, పట్నం ఆసుపత్రిలో చికిత్స పొంది ఇంటికి చేరిన మనిషిని చూడడానికి ఊరంతా వస్తుంది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తారు. స్త్రీల సమాజం వారు పండ్లు తెచ్చి పెడతారు. చుట్టాలు మంచం చుట్టూ కూర్చుని ఏ ఆసుపత్రి, ఎంత ఖర్చయింది, ఎన్ని స్టెంట్లు వేశారు అని అడుగుతారు. "గండం గడిచింది, దేవునికి స్తోత్రం" అని లేచి వెళ్తారు. మన పల్లెల్లో ఈ పరామర్శ ఎంతో మంచి అలవాటు. దీన్ని మనం పోగొట్టుకోకూడదు.

అయితే రెండు నెలలు గడిచాక ఆ ఇంట్లో ఏం జరుగుతోందో చాలామందికి తెలియదు. గాయం మానింది. డాక్టరుగారు ఈసీజీ చూసి బాగుందన్నారు. కాని ఆ మనిషి గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు. ఇష్టమైన కూర వండినా రెండు ముద్దలు తిని లేస్తున్నాడు. తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చి కప్పు చూస్తూ పడుకుంటున్నాడు. ఆదివారం ఆరాధనకు రమ్మంటే "నేను రాను, మీరు వెళ్ళండి" అంటున్నాడు. మాత్రలు తెచ్చిస్తే "ఇంకా ఎందుకు ఇవన్నీ?" అంటున్నాడు. ఇంట్లో వాళ్ళు దీన్ని బద్ధకమనుకుంటారు, లేదా మొండితనమనుకుంటారు. కొందరైతే విశ్వాసం తగ్గిందనుకుంటారు.

అది చాలాసార్లు వీటిలో ఏదీ కాదు. అదొక జబ్బు. వైద్యులు దానిని డిప్రెషన్ అంటారు, మనం కుంగుబాటు అందాం. గుండె జబ్బుతోపాటు వచ్చే ఈ కుంగుబాటును గురించి సంఘాలలోను కుటుంబాలలోను మాట్లాడుకోవలసిన అవసరం ఉంది. ఎందుకంటే దీన్ని గుర్తిస్తే నయం చేయవచ్చు. గుర్తించకపోతే కష్టపడి కాపాడుకున్న గుండెకే మళ్ళీ ముప్పు వస్తుంది.

ఎంతమందికి వస్తుంది?

గుండెపోటు వచ్చిన వారిలో ఇంచుమించు ప్రతి ఐదుగురిలో ఒకరికి చికిత్స అవసరమైనంత కుంగుబాటు ఉంటుందని అనేక దేశాలలో జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. అంతకంటె తక్కువ స్థాయిలో దిగులుతో బాధపడేవారు ఇంకా చాలామంది. బైపాస్ ఆపరేషన్ అయినవారిలో, గుండె బలహీనపడి కాళ్ళ వాపు, ఆయాసంతో ఉండేవారిలో కూడా ఇది తరచుగా కనిపిస్తుంది.

వైద్యులు చాలాకాలం దీన్ని సహజమైన విచారంగానే చూశారు. 1993లో కెనడా దేశంలోని మాంట్రియల్ నగరంలో పరిశోధకులు గుండెపోటు వచ్చిన 222 మందిని ఆరు నెలలపాటు గమనించారు. కుంగుబాటు లేనివారితో పోల్చితే అది ఉన్నవారిలో ఆ ఆరు నెలల్లో మరణించే ప్రమాదం మూడు నాలుగు రెట్లు ఎక్కువగా కనిపించింది. తర్వాత ఎన్నో పరిశోధనలు ఇదే దారిలో నడిచాయి. చివరికి 2014లో అమెరికా హృద్రోగ సంఘం, గుండెపోటు తర్వాతి కుంగుబాటును బి.పి., షుగరు లాగే లెక్కలోకి తీసుకోవలసిన ప్రమాద కారణంగా గుర్తించాలని సిఫారసు చేసింది. మన దేశంతో కలిపి 52 దేశాలలో జరిగి 2004లో వెలువడిన పెద్ద పరిశోధన కూడా గుండెపోటుకు దారితీసే ముఖ్యమైన తొమ్మిది కారణాలలో మనోవేదనను ఒకటిగా చూపించింది.

కుంగుబాటు గుండెకు ఎలా చేటు చేస్తుంది? ఒక కారణం అందరికీ కనిపించేదే. మనసు కుంగినవాడు మాత్రలు సరిగా వేసుకోడు. నడవడు. మానేసిన బీడీ మళ్ళీ ముట్టిస్తాడు. పరీక్షకు రమ్మన్న రోజున వెళ్ళడు. రెండవ కారణం ఒంట్లో జరుగుతుంది. ఎడతెగని దిగులులో ఒత్తిడిని పెంచే హార్మోన్లు రక్తంలో ఎక్కువవుతాయి, రక్తం గడ్డకట్టే స్వభావం పెరుగుతుంది, గుండె లయ సర్దుబాటు చేసుకునే శక్తి తగ్గుతుంది. కాబట్టి మనసు వేరు, గుండె వేరు అని విడదీసి చూడడానికి లేదు.

దిగులు ఎక్కడ ఆగుతుంది, జబ్బు ఎక్కడ మొదలవుతుంది?

చావు అంచుదాకా వెళ్ళి వచ్చిన మనిషికి భయం, దిగులు, కన్నీళ్ళు రావడం సహజం. ఆసుపత్రి నుండి వచ్చిన మొదటి కొద్ది వారాలు చిన్నమాటకే ఏడుపు రావచ్చు, చిరాకు రావచ్చు, పీడకలలు రావచ్చు. చాలామందిలో ఇవి రోజులు గడిచేకొద్దీ తగ్గిపోతాయి. మనుమడు ఒడిలో కూర్చుంటే నవ్వు వస్తుంది, వాన పడితే పొలం గుర్తొస్తుంది. ఇది మానుతున్న గాయం లాంటిది.

రెండు వారాలు దాటినా తగ్గకుండా, దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువసేపు ఉంటే మాత్రం జాగ్రత్తపడాలి. దీనికి వైద్యులు మొట్టమొదట రెండే ప్రశ్నలు అడుగుతారు. ఈ రెండు వారాలలో మనసు దిగులుగా, ఆశ లేనట్టుగా ఉంటోందా? ఇంతకుముందు ఇష్టంగా చేసిన పనుల మీద ఆసక్తి పోయిందా? ఈ రెంటిలో ఏ ఒక్కదానికి "అవును, చాలా రోజులుగా" అని జవాబు వచ్చినా ఇంకా వివరంగా పరీక్షించాలి. ఈ ప్రశ్నలు అడగడానికి యంత్రాలు అక్కరలేదు. భార్య భర్తను అడగవచ్చు, కొడుకు తల్లిని అడగవచ్చు.

మన పల్లెల్లో "నాకు దిగులుగా ఉంది" అని చెప్పేవారు తక్కువ. ఒంటి బాధలుగా చెబుతారు. ఒళ్ళంతా నీరసం, తల బరువు, కడుపులో మంట, అరికాళ్ళ మంటలు, గుండె దడ, నోట్లో రుచి లేకపోవడం. మగవారిలో అది కోపంగా బయటపడుతుంది. పెద్దగా మాట్లాడని మనిషి పిల్లల మీద కేకలు వేస్తాడు, కంచం నెట్టేస్తాడు. అలవాటు లేనివాడు సాయంత్రం సారా దుకాణం వైపు నడుస్తాడు. వృద్ధులలో మతిమరపులా కనిపిస్తుంది.

ఇక్కడొక చిక్కు ఉంది. నీరసం, నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం గుండె జబ్బు వల్ల కూడా రావచ్చు, వాడే మందుల వల్లా రావచ్చు. రక్తహీనత, థైరాయిడ్ లోపం ఉన్నా ఇలాగే ఉంటుంది. కాబట్టి "ఇది మనసు జబ్బే" అని మనకు మనమే తీర్మానించుకోకూడదు. డాక్టరుగారికి అన్నీ చెప్పి, అవసరమైన రక్తపరీక్షలు చేయించుకోవాలి. ఛాతీ నొప్పి విషయంలో మరీ జాగ్రత్త. ఆందోళన వల్ల కూడా ఛాతీ పట్టేసినట్టు ఉండే మాట నిజమే. కాని ఏది ఆందోళనో ఏది గుండెనొప్పో ఇంట్లో కూర్చుని తేల్చలేం. నొప్పి వస్తే 108కి ఫోను చేయడమే మార్గం.

రైతు ఇంటిలో ఈ జబ్బు ఎలా ఉంటుంది?

కుంగుబాటు ఊరికే రాదు. గుండె జబ్బు మనిషి దగ్గర నుండి ఎన్నో తీసుకుపోతుంది.

మొదట పోయేది పని. పాతికేళ్ళు బరువులు మోసిన భుజానికి "బరువు ఎత్తవద్దు" అని ఆజ్ఞ వస్తుంది. బైపాస్ చేసినప్పుడు కోసిన రొమ్ము ఎముక గట్టిపడడానికి ఇంచుమించు రెండు మూడు నెలలు పడుతుంది. ఆ మూడు నెలలు నాట్ల కాలమో కోతల కాలమో అయితే, తన పొలంలో ఇతరులు కూలికి పనిచేస్తుంటే మంచం మీద నుండి చూడాలి. పనే గౌరవంగా బ్రతికిన మనిషికి ఇది ఆపరేషన్ కంటె పెద్ద గాయం. "నేను తిండికి దండగ" అనే మాట అక్కడే పుడుతుంది.

తర్వాత డబ్బు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైన తర్వాత గుండె ఆపరేషన్ పేదవారికి అందుబాటులోకి వచ్చింది. అది ఎన్నో ప్రాణాలను కాపాడింది. కాని ఆపరేషన్ తర్వాత నెలనెలా కొనవలసిన మాత్రలు, పట్నానికి రానుపోను ఖర్చు, పోయిన కూలి, తెచ్చిన వడ్డీ అప్పు ఇంటి మీదే పడతాయి. కుమార్తె పెండ్లి కోసం దాచినది ఖర్చయిపోతే ఆ తండ్రి దానిని రోజుకు నూరుసార్లు తలచుకుంటాడు.

మూడవది భయం. పడుకుంటే నిద్రలోనే పోతానేమో అని కొందరు రాత్రంతా తమ గుండె చప్పుడు వింటూ ఉంటారు. నాలుగు అడుగులు వేస్తే ఏమవుతుందో అని వాకిలి దాటరు. దాంపత్య జీవితానికి ప్రమాదమేమో అని భార్యాభర్తలు విడివిడిగా పడుకుంటారు, ఆ సంగతి ఎవరినీ అడగలేక లోలోపల కుమిలిపోతారు. నిజానికి ఇబ్బంది లేకుండా రెండంతస్తుల మెట్లు ఎక్కగలిగిన వారిలో చాలామంది మామూలు దాంపత్య జీవితానికి తిరిగి రావచ్చు. దీన్ని సిగ్గుపడకుండా డాక్టరుగారిని అడగండి. అడగకుండా దుకాణంలో ఏవో మాత్రలు కొని వేసుకోకండి. నాలుక కింద పెట్టుకునే గుండె మాత్రతో అవి కలిస్తే ప్రాణాపాయం.

మన ఇళ్ళలోని యౌవన స్త్రీల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. గుండె జబ్బంటే యాభై ఏళ్ళు దాటిన మగవారిదే అనుకుంటాం. చిన్నతనంలో గొంతునొప్పితో మొదలై, కీళ్ళ వాపులతో వచ్చిపోయే రుమాటిక్ జ్వరం గుండె వాల్వులను పాడు చేస్తుంది. పేద ఇళ్ళలో, ఇరుకు ఇళ్ళలో ఇది ఎక్కువ. మూడు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ళ తరబడి తీసుకోవలసిన అమ్మాయిలు, లోహపు వాల్వు వేయించుకుని జీవితాంతం రక్తం పలచబడే మాత్ర వేసుకోవలసిన కోడళ్ళు మన సంఘాలలో ఉన్నారు. ఆ మాత్ర వాడేవారికి గర్భం ప్రమాదంతో కూడిన విషయం. ముందుగా డాక్టరుగారితో మాట్లాడి గాని ముందుకు వెళ్ళకూడదు. ఈలోగా ఇంట్లో "జబ్బు దాచి పెండ్లి చేశారు" అనే మాట, వీధిలో "ఇంకా పిల్లలు లేరా?" అనే మాట. అలాంటి అమ్మాయి వంటింట్లో మౌనంగా పని చేసుకుంటూ ఉంటే, బాగానే ఉందని అనుకుంటాం. ఆ మౌనాన్ని అడిగి చూడాలి.

ఇది విశ్వాసలోపమా?

సంఘములో ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇది. "నిజమైన విశ్వాసి అయితే సంతోషంగా ఉండాలి కదా?" "ఏదో పాపం ఒప్పుకోలేదేమో." ఈ మాటలు మంచి ఉద్దేశంతోనే అనవచ్చు. కాని కుంగిపోయిన మనిషి అప్పటికే తనను తాను నిందించుకుంటూ ఉంటాడు. అది ఆ జబ్బు లక్షణాలలో ఒకటి. మన మాట ఆ నిందకు తోడవుతుంది. తర్వాత అతడు తన బాధను దాచిపెట్టడం నేర్చుకుంటాడు.

మొదటి రాజుల గ్రంథము పంతొమ్మిదవ అధ్యాయం తీసి ఏలీయా సంగతి చదవండి. కర్మెలు కొండ మీద అంత గొప్ప కార్యం చూసిన ప్రవక్త, అరణ్యంలో బదరీవృక్షము కింద కూర్చుని తన ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి అడిగాడు. దేవుడు అతణ్ణి గద్దించలేదు. ముందు నిద్రపోనిచ్చాడు. దూత లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. మళ్ళీ పడుకోనిచ్చి, మళ్ళీ తినిపించాడు. తర్వాతే ప్రయాణం, తర్వాతే సంభాషణ. ఏలీయా తన బాధ రెండుసార్లు చెప్పుకుంటే రెండుసార్లూ విన్నాడు. ఆ తర్వాత చేయవలసిన పని ఇచ్చాడు, ఎలీషాను తోడుగా ఇచ్చాడు, నీవు ఒంటరివి కావని తెలియజేశాడు. నిద్ర, ఆహారం, నడక, వినే చెవి, చేతిలో పని, పక్కన మనిషి. నేటి వైద్యులు చెప్పే సలహా కూడా ఇంచుమించు ఇదే వరుసలో ఉంటుంది.

ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రికలో ఎపఫ్రొదితు సంగతి ఉంది. అతడు జబ్బుపడి చావుకు దగ్గరయ్యాడు. తన జబ్బు సంగతి ఇంటి దగ్గర సంఘానికి తెలిసిందని మరింత వేదనపడ్డాడు. జబ్బు మనిషికి ఉండే ఆ బెంగ ఎంత సహజమో చూడండి. పౌలు అతణ్ణి తప్పుపట్టలేదు, తిరిగి పంపుతూ సంతోషంతో చేర్చుకోండి, గౌరవించండి అని సంఘాన్ని కోరాడు.

బోధకులలో ప్రసిద్ధుడైన స్పర్జన్ గారి జీవితం కూడా చాలామందికి తెలుసు. 1856లో లండనులో ఆయన ప్రసంగిస్తున్న సభలో ఎవరో అగ్ని అని అరవగా తొక్కిసలాట జరిగి ఏడుగురు చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 22 సంవత్సరాలు. ఆ దెబ్బ తర్వాత, పైగా ఒంటి జబ్బులతో, ఆయన జీవితమంతా కుంగుబాటుతో పోరాడుతూనే ఉన్నారు. దాన్ని దాచుకోకుండా తన విద్యార్థులైన సేవకులకు చెప్పారు. ఆయన విశ్వాసాన్ని ఎవరు శంకిస్తారు?

చికిత్స ఉంది

గుండెకు మాత్ర వేసుకోవడం అవిశ్వాసం కానట్టే, మనసుకు చికిత్స తీసుకోవడం అవిశ్వాసం కాదు. ప్రార్థన చేయండి, మాత్రలూ వేసుకోండి.

ముందు మీ గుండె డాక్టరుగారికే చెప్పండి. ఆసుపత్రిలో రద్దీ వల్ల ఆయన అడగకపోవచ్చు. "అయ్యా, రెండు నెలలుగా నిద్ర లేదు, దేని మీదా మనసు లేదు" అని మీరే మొదలుపెట్టండి. ఆయన మానసిక వైద్యుని దగ్గరకు పంపితే అవమానంగా అనుకోకండి. మనసు డాక్టరు పిచ్చివారికే అన్నది పాతకాలపు మాట.

ఒక విధమైన చికిత్స మాటలతో చేసేది. శిక్షణ పొందిన కౌన్సెలరు రోగితో కొన్ని వారాలు మాట్లాడి, భయాన్ని పెంచే ఆలోచనలను గుర్తించడం, చిన్న చిన్న పనులతో రోజును మళ్ళీ నింపుకోవడం నేర్పిస్తారు. రెండవది మందులు. గుండె జబ్బు వారికి కుంగుబాటు మందులు ప్రమాదమేమో అనే భయం ఉండేది. పాతకాలపు మందులలో కొన్ని గుండె లయను చెడగొట్టే మాట నిజం. అయితే 2002లో వెలువడిన ఒక పరిశోధనలో గుండెపోటు వంటి స్థితి నుండి బయటపడిన 369 మందిని పరిశీలించగా, సెర్ట్రలిన్ అనే మందు గుండెకు హాని చేయలేదని తేలింది. కుంగుబాటు తీవ్రంగా ఉన్నవారికి మేలు కూడా కలిగింది. ఏ మందు ఎవరికన్నది డాక్టరే నిర్ణయించాలి. ముఖ్యంగా ఆస్పిరిన్, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి తప్పక చెప్పాలి.

ఈ మందులు వేసుకున్న మరునాడే పనిచేయవు. రెండు నుండి నాలుగు వారాలు, కొందరికి అంతకంటె ఎక్కువ పడుతుంది. వారం వాడి "ఏమీ గుణం లేదు" అని పారేయకండి. ఇవి సారాలాగా మత్తుకు అలవాటు చేసే మందులు కావు. అయినా నెమ్మదించగానే ఒక్కసారిగా ఆపకూడదు. గుండె మాత్రలలో కొన్నిటిని హఠాత్తుగా ఆపితే మరీ ప్రమాదం. మాత్ర వల్ల నీరసం వస్తోందనిపిస్తే డాక్టరును అడిగి మార్పించుకోండి, మీరై మానకండి.

ఉన్నదున్నట్టు చెప్పాలి గనుక ఇంకొక మాట. కుంగుబాటుకు చికిత్స చేస్తే ఆయుష్షు పెరుగుతుందని ఇంకా గట్టిగా రుజువు కాలేదు. 2003లో వెలువడిన, 2,481 మందితో జరిగిన పెద్ద పరిశోధనలో మనసు కొంత తేలికపడింది గాని మరణాలు తగ్గలేదు. అయితే మనిషి లేచి కూర్చోవడం, తినడం, నవ్వడం, బిడ్డలతో మాట్లాడడం తక్కువ లాభమా? బ్రతికిన రోజులు బ్రతుకులా ఉండడానికే ఈ చికిత్స.

పట్నం వెళ్ళలేనివారికి ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలి మానస్ అనే సేవను ప్రారంభించింది. 14416 నంబరుకు రాత్రైనా పగలైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం గురించి మీ ఆశ కార్యకర్తనో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో అడగండి.

రోగి తానుగా చేయగలవి

నడక అన్నిటికంటె మంచి మందు. డాక్టరు అనుమతించిన మేరకు మొదట ఇంటి వాకిట్లో, తర్వాత వీధి చివరిదాకా, తర్వాత చెరువుగట్టుదాకా. 2012లో వెలువడిన పరిశోధనలో గుండె బలహీనపడినవారు రెండువేల మందికి పైగా పాల్గొనగా, క్రమంగా వ్యాయామం చేసినవారిలో దిగులు కొంత తగ్గింది. నడిచేటప్పుడు పక్కన ఒకరుంటే భయం కూడా తగ్గుతుంది.

మంచం మీద నుండి లేచే వేళ, తినే వేళ, పడుకునే వేళ రోజూ ఒకటే ఉండనివ్వండి. పగటి నిద్ర తగ్గించండి. రోజుకు ఒక చిన్న పని పెట్టుకోండి. విత్తనాలు ఏరడం, మనుమరాలికి లెక్కలు చెప్పడం, పాదులకు నీళ్ళు పోయడం. చేయాలనిపించినప్పుడు చేద్దామని ఆగవద్దు. ఈ జబ్బులో ముందు పని, తర్వాతే ఉత్సాహం.

భయాన్ని కాగితం మీద పెట్టండి. నొప్పి వస్తే ఏ మాత్ర నాలుక కింద పెట్టుకోవాలి, ముందు కూర్చోవాలి, ఎవరికి ఫోను చేయాలి, ఏ ఆసుపత్రికి వెళ్ళాలి అని డాక్టరును అడిగి వ్రాయించి గోడకు అంటించండి. ఏమి చేయాలో తెలిసిన ఇంట్లో భయానికి చోటు తగ్గుతుంది.

కుటుంబమునకు ఒక మాట

"ధైర్యంగా ఉండు" అనడం సులభం. అది చేతకాకే కదా ఆయన బాధపడుతున్నాడు! "నీకేం తక్కువ? నీకంటె కష్టాల్లో ఉన్నవారు లేరా?" అనకండి. "ఎలా ఉంది?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. ఏడిస్తే ఏడవనివ్వండి. మధ్యలో మాట మార్చకండి.

అతి జాగ్రత్త కూడా మంచిది కాదు. గ్లాసు నీళ్ళు కూడా తెచ్చుకోనివ్వకపోతే మనిషి తాను పనికిరానివాడినని నమ్ముతాడు. ఇంటి లెక్కలు, కూలీల మాట, పిల్లల చదువు విషయాలు ఆయనతో మాట్లాడండి. నిర్ణయాలలో ఆయన మాట ఉండనివ్వండి.

ఇంకొకరిని మనం మరచిపోతాం. రోగిని చూసుకునే భార్య. పగలు కూలి, సాయంత్రం వంట, రాత్రి ఆయన ఊపిరి ఆడుతోందా లేదా అని లేచి చూడడం. ఆమెకు కూడా కుంగుబాటు వస్తుంది. ఆమెను ఎవరూ పరామర్శించరు. వారానికి ఒక పూట ఆమెకు విశ్రాంతి ఇచ్చేవారు కుటుంబంలో ఎవరో ఆలోచించండి.

సంఘము చేయగలిగినది

పరామర్శ మొదటి వారంతో ముగియకూడదు. ఆపరేషన్ అయినవారి పేర్లు సంఘ పెద్దలు వ్రాసి పెట్టుకుని, నెలకు, మూడు నెలలకు, సంవత్సరానికి మళ్ళీ వెళ్ళండి. వెళ్ళినప్పుడు చిన్న ప్రార్థన చేయండి, పెద్ద ప్రసంగం వద్దు. యౌవనస్థులలో ఒకరు ఆయనతో సాయంత్రం నడవవచ్చు. ఒకరు పట్నం నుండి మాత్రలు తేవచ్చు. కోతల వేళ నలుగురు ఒక పూట ఆయన పొలంలో పనిచేస్తే, అంతకు మించిన ఆదరణ లేదు. ఇంతకుముందు ఆపరేషన్ అయి కోలుకున్న సహోదరుడు లేదా సహోదరి ఉంటే వారిని తీసుకెళ్ళండి. అదే దారిలో నడిచి వచ్చినవారి మాటకు బలం ఎక్కువ.

కాపరులు ఒక ఆదివారం ప్రార్థనలో శరీర రోగులతోపాటు "మనసు కుంగినవారి కొరకు" అని పైకి చెప్పి ప్రార్థిస్తే చాలు. వెనుక వరుసలో కూర్చున్న ఒకరికి, తన సంగతి ఇక్కడ చెప్పుకోవచ్చునని తెలుస్తుంది. ఆరాధనకు వచ్చినవారిచేత బలవంతంగా సాక్ష్యం చెప్పించకండి. ప్రార్థన చేశాం గనుక మందులు మానమని ఎవరికీ చెప్పకండి.

ఆలస్యం చేయకూడని వేళ

"నేను లేకపోతే మీకు బరువు తగ్గుతుంది", "ఇంకెన్నాళ్ళు ఈ బ్రతుకు" అనే మాటలు, హఠాత్తుగా అప్పుల లెక్కలు, పొలం కాగితాలు అప్పగించడం, మాత్రలు కూడబెట్టడం కనిపిస్తే తేలికగా తీసుకోకండి. "చనిపోవాలనిపిస్తోందా?" అని ప్రేమగా, సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందనేది అపోహ. అడిగితే లోపలి బరువు సగం దిగుతుంది. రైతు ఇంట్లో పురుగుమందు డబ్బా చేతికి అందేంత దూరంలో ఉంటుంది. ఆ డబ్బాను ఈరోజే ఇంటి నుండి తీసివేయండి, లేదా తాళం వేసి తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉంచండి. మనిషిని ఒంటరిగా వదలకండి. 14416కు ఫోను చేయండి, ప్రమాదం కనిపిస్తే 108 పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇంటి పరువు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

చదువరులారా, మీ సంఘములో గుండె ఆపరేషన్ అయి మూడు నెలలు దాటినవారు ఎవరున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. అందరూ వెళ్ళి వచ్చేశారు గనుక, ఇప్పుడు మీరు వెళ్ళవలసిన సమయం. ఈ వారం ఒక సాయంత్రం ఆ ఇంటికి వెళ్ళి, స్టెంట్ల లెక్క అడగకుండా, "రాత్రి నిద్ర పడుతోందా?" అని అడగండి. జవాబు వినడానికి తీరుబడిగా కూర్చోండి.